ఆ ఇంట్లో అతి చిన్న గది

ఐలీన్ గ్రే పేరు విననివాళ్ళు కూడా ఆమె చేసిన బల్లను ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. గుండ్రటి గాజు పలక, చుట్టూ మెరిసే ఉక్కు గొట్టం. కాలు మధ్యలో కాకుండా ఒక పక్కకి ఉంటుంది. నేలకు ఆనే చుట్టు ఒకవైపు తెరిచి ఉంటుంది కాబట్టి మంచం కిందికి దూరుతుంది, పలక మనిషి ఒడి మీదికి వస్తుంది. ఎత్తు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. పక్కమీదే ఫలహారం చేసే తన తోబుట్టువు కోసం, రొట్టెపొడి దుప్పటి మీద రాలకుండా దీన్ని అలా చేసిందని చెప్తారు. ఆసుపత్రుల్లో రోగి మంచం మీదికి జరిపే బల్ల చూడండి, ఆలోచన అదే. అందుకే గ్రేని ఇన్‌క్లూజివ్ డిజైన్‌కి ఆద్యురాలిగా చదవాలన్న కోరిక కలగడం సహజం. ఆ చదువు ఎంతవరకు నిలబడుతుందో చూద్దామని ఈ వ్యాసం.

ఆ మాట ఆమె కాలంలో లేదు. 1985లో అమెరికాలో రొనాల్డ్ మేస్ అనే ఆర్కిటెక్ట్, చిన్నప్పుడే పోలియో వచ్చి వీల్‌చైర్ వాడిన మనిషి, ‘యూనివర్సల్ డిజైన్’ అనే మాట వాడాడు. తొంభైలలో బ్రిటన్‌లో ‘ఇన్‌క్లూజివ్’ అన్నారు. ఒక ‘మామూలు’ మనిషిని ఊహించుకుని ఇల్లు కట్టేసి, ఆ తర్వాత మిగిలినవాళ్ళ కోసం వెనకవైపున ఒక ర్యాంపు అతికించడం కాదు, మొదటి గీత గీసేటప్పుడే రకరకాల శరీరాలు గుర్తుండాలి. క్లుప్తంగా దాని సారం ఇంతే. వినడానికి ఎవరూ కాదనలేని మాట. కాదనలేని మాటలంటే నాకు కొంచెం అనుమానం. ‘అందరూ’ అన్నప్పుడు ఆ లెక్కలోకి ఎవరు వచ్చారు, లెక్క ఎవరు పెట్టారు అని స్త్రీవాదులుగా మనం ఎప్పుడూ అడుగుతూనే ఉన్నాం.

గ్రే 1878లో ఐర్లండులో పుట్టింది. సంపన్న కుటుంబం. తండ్రి చిత్రకారుడు. లండన్‌లోని స్లేడ్ స్కూల్లో బొమ్మలు వేయడం నేర్చుకుంది, 1902లో పారిస్ చేరింది. అక్కడ సీజో సుగవారా అనే జపాన్ కళాకారుడి దగ్గర లక్కపని నేర్చుకుంది. లక్క అనగానే మనకు ఏటికొప్పాక బొమ్మలు గుర్తొస్తాయి. ఇది అది కాదు. మన లక్క పురుగు నుంచి వస్తుంది, జపాన్ వాళ్ళ ఉరుషి ఒక చెట్టు పాలు. దాన్ని పల్చగా పూయాలి, తేమగాలిలో ఆరనివ్వాలి, రుద్దాలి, మళ్ళీ పూయాలి. ఇలా ఇరవై పొరలు, ముప్ఫై పొరలు. ఒక్క తెర పూర్తవడానికి నెలలు పడుతుంది. ఆ పాలు చర్మానికి తగిలితే దద్దుర్లు లేస్తాయి. గ్రే చేతులకూ లేచాయి. అయినా ఆమె ఆ పని వదల్లేదు.

ఈ వివరం దగ్గర నేను ఎందుకు ఆగుతున్నానంటే, ఆమె తర్వాత కట్టిన ఇంటికి మూలం ఇక్కడే ఉందనిపిస్తుంది. ఆర్కిటెక్చర్ కాలేజీలో చదువుకున్నవాళ్ళు కాగితం మీద ప్లాను నుంచి మొదలుపెడతారు. పైనుంచి చూసే చూపు అది. గ్రే చర్మం నుంచి మొదలుపెట్టింది. ఒక వస్తువు చేతికి ఎలా తగులుతుంది, ఎంత చల్లగా ఉంటుంది, ఎంత చప్పుడు చేస్తుంది అన్న ప్రశ్నలు లక్క రుద్దే మనిషికి ముందుగా వస్తాయి.

1922లో ఆమె పారిస్‌లో ఒక దుకాణం తెరిచింది. దాని పేరు జాన్ దెజేర్. అలాంటి మగమనిషి ఎవరూ లేడు. పేరు కల్పించి బోర్డు మీద రాయించింది. స్నేహితురాలు ఎవెలిన్ వైల్డ్‌తో కలిసి నేయించిన తివాచీలు, తన తెరలు, కుర్చీలు అక్కడ అమ్మింది. రుమేనియా నుంచి వచ్చిన జాన్ బదోవిచి అనే ఆర్కిటెక్ట్ ఆమెకు సన్నిహితుడయ్యాడు. ఒక ఆర్కిటెక్చర్ పత్రికకు సంపాదకుడతను. ఇల్లు కట్టమని ప్రోత్సహించాడు. అలా 1926 నుంచి 1929 దాకా, ఫ్రాన్స్ దక్షిణ తీరంలో రోక్‌బ్రూన్ దగ్గర, సముద్రం మీదికి వంగిన కొండరాళ్ళ మధ్య ఆమె మొదటి ఇల్లు లేచింది. అప్పటికి ఆమెకు యాభై ఏళ్ళు. ఆర్కిటెక్ట్ పట్టా లేదు. తన డబ్బుతో కట్టి బదోవిచి పేరున పెట్టింది. ఇంటికి పెట్టిన పేరు ఒక సంకేతం, ఇ-1027. ఇ అంటే ఐలీన్. 10, 2, 7 అంకెలు ఇంగ్లీషు అక్షరక్రమంలో వాళ్ళిద్దరి పేర్ల మొదటి అక్షరాల స్థానాలు. పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మర్చిపోతుంది. ఈమె పేరు మర్చిపోలేదు కానీ, ఇంటి పేరులోనే అంకెల మాటున దాచిపెట్టింది. దాచిన పేరును తర్వాతివాళ్ళు సులువుగానే పోగొట్టారు. చాలా ఏళ్ళు ఆ ఇల్లు బదోవిచిది అన్నారు, ఇంకా పెద్దపేరు కావాల్సినవాళ్ళు లె కార్బూజియేది అన్నారు.

ఆ ఇంటికి నేను వెళ్ళలేదు. ప్లాన్లూ ఫోటోలూ, 1929లో బదోవిచి పత్రికలో ఆ ఇంటి గురించి ఇద్దరూ కలిసి ప్రచురించిన వివరణా నా ముందున్నాయి. ప్లాను కన్నా వివరణే ఎక్కువ చెప్తుంది. పడకగదిలోకి పొద్దుటి ఎండ వస్తుంది. మంచం తలాపిలోనే దీపం ఉంది, పుస్తకం పెట్టుకునే చోటు ఉంది. లేవకుండానే చేయి చాస్తే అన్నీ అందుతాయి. భోజనాల బల్ల మీద బెండు పరిచింది, పళ్ళేలు పెట్టినప్పుడు టకటకమని చప్పుడు రాకుండా. పెద్ద అద్దానికి చిన్న అద్దం ఒకటి చేయిలా బిగించింది, మెడ వెనక భాగం చూసుకోవడానికి. గోడ అలమరల మీద ఏ సొరుగులో ఏముందో అక్షరాలతో అచ్చువేసి పెట్టింది. దిండ్లు ఇక్కడ, టోపీలు ఇక్కడ. గుమ్మం దగ్గర మెల్లగా లోపలికి రమ్మని రాసింది. ఒక కుర్చీకి ఒకవైపే చేయి పెట్టింది, రెండోవైపు ఒళ్ళు స్వేచ్ఛగా వంగడానికి. కుర్చీలో నిటారుగా కూర్చునేవాళ్ళు ఫోటోల్లోనే ఉంటారు. మనం ఒరుగుతాం, కాలు పైకి పెట్టుకుంటాం, పక్కకు తిరిగి మాట్లాడతాం. ఆమె అది చూసింది.

ఇందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది వంటింటి గురించి ఆమె గమనించిన విషయం. ఆ ప్రాంతపు పల్లె ఆడవాళ్ళు చలికాలం లోపల, ఎండాకాలం బయట వండుకుంటారు. అది చూసి తన వంటింటికి మడిచే గాజు తలుపులు పెట్టింది, తెరిస్తే అది ఆరుబయటి వంటిల్లవుతుంది. అప్పటి ఆధునిక ఆర్కిటెక్టులు ఎందరు పల్లె ఆడవాళ్ళ దగ్గర పాఠం నేర్చుకున్నారు?

వాళ్ళు ఎవరి దగ్గర నేర్చుకున్నారో మా అమ్మ పీట చెప్తుంది. అమ్మ 4 అడుగుల 9 అంగుళాలు. మేం ఇల్లు కట్టుకున్నప్పుడు మేస్త్రి వంటగట్టు 34 అంగుళాలకి లేపాడు. కాస్త దించవయ్యా అంటే, అందరికీ అంతేనమ్మా అన్నాడు. ముప్ఫై ఏళ్ళు అమ్మ పీట మీద నిలబడి వండింది. పొయ్యి మీద పప్పు చూడ్డానికి పీట ఎక్కడం, నీళ్ళ బిందె కోసం దిగడం, మళ్ళీ ఎక్కడం. మోకాళ్ళు అరిగాక డాక్టరు వయసు వల్ల అన్నాడు. ఆ మేస్త్రి చెడ్డవాడేం కాదు. ఆ ‘అందరూ’ ఎక్కడినుంచి వచ్చారో అతనికీ తెలీదు. లె కార్బూజియే 1940లలో ఒక కొలతల పట్టిక తయారుచేశాడు, దాని పేరు మాడ్యులర్. అందులో మనిషి ఎత్తు మొదట 1.75 మీటర్లు. తర్వాత 1.83కు పెంచాడు, అంటే ఆరడుగులు. ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల్లో చూడచక్కని పోలీసులు ఆరడుగులుంటారు కదా అని దానికి చెప్పుకున్న కారణం! ఆ ఆరడుగుల మగవాడు చేయి పైకెత్తితే 2.26 మీటర్లు. ఆ లెక్కలతోనే మన చండీగఢ్ కట్టాడు. మా మేస్త్రి కొలత అక్కడినుంచే వచ్చిందని నేననను. కానీ ఒక్క ఒంటిని ఊహించుకుని అదే అందరి ఒళ్ళూ అనుకునే అలవాటు మాత్రం ఇద్దరిదీ ఒకటే.

1938, 39లలో ఇదే లె కార్బూజియే, గ్రే అప్పటికే వదిలి వెళ్ళిన ఆ ఇంటి తెల్లగోడల మీద, ఆమెను అడగకుండా, పెద్ద పెద్ద బొమ్మలు వేశాడు. నగ్న స్త్రీల బొమ్మలు. తాను బట్టల్లేకుండా నిలబడి రంగులు వేస్తుండగా ఫోటో కూడా ఉంది. గ్రే దీన్ని దౌర్జన్యంగానే భావించింది. బియట్రిస్ కొలొమీనా వంటి విమర్శకులు ఇది ఆక్రమణే అని వివరంగా రాశారు. నాకు వాళ్ళతో పేచీ లేదు. కానీ గ్రే గురించి ఏ వ్యాసం తెరిచినా, ఏ సినిమా చూసినా సగం చోటు ఈయన గోడబొమ్మలకే పోతోంది. ఆమె గోడలే కాక ఆమె గురించిన పేజీలు కూడా ఆయనే నింపుతున్నాడు. 2015లో ఇల్లు సందర్శకులకు తెరిచారు, 2021 నాటికి మరమ్మతులు ముగించారు. ఆ బొమ్మల్ని మాత్రం చెరపలేదు. ఇంతటితో ఆయన్ని వదిలేస్తాను.

ఎందుకంటే కింది అంతస్తులో ఇంకో గది ఉంది. దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ.

అది పనిమనిషి గది. ఇప్పుడు మనం ఇంటిపని కార్మికురాలు అంటున్నాం, మంచిదే, కానీ ఆ ప్లాను మీద ఉన్నది పాత మాటే, అందుకే నేనూ దాన్నే వాడుతున్నాను. మనిషి నివసించగల అతి చిన్న గది ఎంత ఉండాలో దానికి ఇది నమూనా అని ఆ వివరణలో ఉంది. తక్కువ చోటులో వీలైనంత సౌకర్యం, కదలడానికి అడ్డులేకుండా. పిల్లల గదులకీ పనివాళ్ళ గదులకీ ఇలా కట్టుకోవచ్చని సూచన. పిల్లలూ పనివాళ్ళూ ఒకే వాక్యంలో! న్యాయంగా చెప్పాలంటే, ఆ గదిని నిర్లక్ష్యంగా కట్టలేదు. ఆ కాలపు పారిస్‌లో పనిమనుషులు అటకల్లాంటి పైకప్పు గదుల్లో బతికారు. వాటితో పోలిస్తే ఇది నయం. గ్రే దాన్ని కూడా శ్రద్ధగానే ఆలోచించింది. నన్ను ఇబ్బంది పెట్టేది ఆ శ్రద్ధే. అదే వివరణలో ఇంకోచోట, ఇల్లు ఎంత చిన్నదైనా అందులో ప్రతి మనిషీ స్వతంత్రంగా, తన ఏకాంతం తనకు ఉండేలా బతకగలగాలనే ఆలోచన ఉంది. అతిథికి కూడా తోటలోకి తన దారి తనకుంది. ఎంత గొప్ప ఆలోచన! కానీ ఆ ‘ప్రతి మనిషి’ దగ్గరికి వచ్చేసరికి ఇంటివాళ్ళకి ప్రశ్న ‘ఎలా ఉంటే హాయి?’ అని, పనిమనిషికి ప్రశ్న ‘ఎంతలో సరిపోతుంది?’ అని. వంటిల్లు మిగతా ఇంటి నుంచి దాదాపు విడిగా ఉంది, వాసనలు రాకుండా. ఎండాకాలం తలుపులు మడిచి ఆరుబయట వంటిల్లు చేసుకునే ఆ చక్కటి ఏర్పాటు ఉంది చూశారా, అందులో నిలబడి వండేది గ్రే కాదు.

బెండు పరిచిన బల్ల మీద చప్పుడు కాకుండా పళ్ళెం పెట్టే చేయి ఎవరిది? ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకి నిశ్శబ్దం దొరికింది. పెట్టే మనిషి కూడా నిశ్శబ్దమైపోయింది.

తెలుగులో చదువుకున్న మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు. 1993లో ‘నీలిమేఘాలు’ వచ్చింది. వంటింటి గురించి, ఇంటి గోడల గురించి మన కవయిత్రులు అంతకు ముందెవరూ మాట్లాడనట్టు మాట్లాడారు. ఆ తర్వాత గోగు శ్యామల సంపాదకత్వంలో దళిత స్త్రీల రచనలతో ‘నల్లపొద్దు’ వచ్చింది. అది చదివాక వంటిల్లు అనే మాట ఒంటరిగా నిలబడలేకపోయింది. ఎవరి వంటిల్లు? అందులోకి ఎవరు ఏ గుమ్మంలోంచి వస్తారు? ఎవరు వచ్చి గిన్నెలు తోమి, పెరటి గుమ్మంలోంచే వెళ్ళిపోతారు? నేను గ్రే ఇంటి ప్లాను చదవగలిగింది ఆ పుస్తకాల వల్లే. ఆర్కిటెక్చర్ విమర్శ పుస్తకాలు నాకు గ్రే, లె కార్బూజియేల మధ్య అన్యాయాన్ని చూపించాయి. కింది అంతస్తు గదిని చూపించింది మాత్రం తెలుగు దళిత స్త్రీల సాహిత్యం.

ఆ గది ఎక్కడికీ పోలేదు. హైదరాబాదులో కొత్త అపార్ట్‌మెంట్ల రంగుల పుస్తకాలు చూడండి. ప్లానులో ఒక మూల, వంటింటి వెనక, ఉతికే మెషిన్ పెట్టే చోటు పక్కన, ‘మెయిడ్ రూమ్’ అని రాసి ఉంటుంది. చాలాసార్లు దానికి కిటికీ ఉండదు. పనివాళ్ళకి వేరే లిఫ్టు. అదే పుస్తకంలో ముందు పేజీలో, ఈ భవనంలో వృద్ధులకూ వీల్‌చైర్ వాడేవాళ్ళకూ అన్నివిధాలా అనుకూలంగా ర్యాంపులు, పట్టుకునే కడ్డీలు ఉన్నాయని గర్వంగా రాస్తారు. రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి. ఒకదాన్ని చూసి ఇంకోటి సిగ్గుపడదు.

ర్యాంపుల్ని నేను తక్కువ చేయడం లేదు. మన సాహిత్య సభలకు పిలిచే హాళ్ళు ఎన్ని రెండో అంతస్తులో, లిఫ్టు లేకుండా ఉంటాయో మీకు తెలుసు. వీల్‌చైర్లో తిరిగే ఒక స్నేహితురాలు, మంచి కవయిత్రి, నలుగురు మగవాళ్ళు కుర్చీతో సహా ఎత్తి మోసుకెళ్ళే సభలకు రావడం మానేసింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో యూనివర్సల్ డిజైన్‌కి నిర్వచనం ఉంది. అమలే లేదు. రాజీవ్ రటూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, ఆ చట్టం కింద 2017లో చేసిన నిబంధనల్లోని 15వది చెల్లదంది. అది సూచనలతో సరిపెట్టిందనీ, తప్పనిసరి ప్రమాణాలు ఉండాలనీ చెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక తయారుచేసింది మన హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయంలో ఉన్న వైకల్య అధ్యయన కేంద్రం. ఇది పెద్ద గెలుపు. కానీ చట్టమైనా ప్రమాణమైనా భవనాన్ని ‘వాడుకునే’ మనిషి గురించి మాట్లాడతాయి. ఆ భవనాన్ని తుడిచే మనిషి వాడుకునే మనిషేనా? నేల తుడిచీ తుడిచీ నడుం వంగిపోయిన అరవై ఏళ్ళ ఆమె వికలాంగురాలి లెక్కలోకి వస్తుందా, వృద్ధురాలి లెక్కలోకా, పనివాళ్ళ లిఫ్టు లెక్కలోకా?

గ్రే పక్షాన చెప్పాల్సినవి రెండున్నాయి. 1936లో ఫ్రాన్స్‌లో కార్మికులకు మొదటిసారి జీతంతో సెలవులిచ్చే చట్టం వచ్చింది. వెంటనే ఆమె కార్మిక కుటుంబాల కోసం ఒక సెలవుల కేంద్రం ప్రణాళిక గీసింది. 1937 పారిస్ ప్రదర్శనలో దాన్ని చూపించారు. కట్టలేదు. తర్వాత ఒక సాంస్కృతిక కేంద్రం గీసింది. అదీ కాగితం మీదే ఉండిపోయింది. శ్రామికులు ఆమె ఊహలోకి వచ్చారు, సెలవులో ఉన్నప్పుడు. రెండోది, ఆమెకు పని ఇచ్చినవాళ్ళే తక్కువ. ఒక మనిషి కట్టిన నాలుగు గోడల్ని పట్టుకుని ఆ కాలపు తప్పులన్నీ ఆమె తలమీద రుద్దడం సబబు కాదు. వందలు కట్టిన మగవాళ్ళని మనం ఇంత నిశితంగా అడిగామా?

అందుకని గ్రేని తీసి పక్కన పెట్టమనడం లేదు. ఆమెకు ‘ఇన్‌క్లూజివ్’ అనే బిరుదు ఇవ్వొద్దంటున్నాను. ఇచ్చి ఆమెను పొగిడితే ఆమెలో నిజంగా గొప్పదైనది కనిపించకుండా పోతుంది. ఆమెది గమనించే గుణం. తన ఒంటినీ, తను ప్రేమించినవాళ్ళ ఒళ్ళనీ, తన ఇంటికి వచ్చినవాళ్ళ ఒళ్ళనీ ఆమె గమనించినంతగా ఆ తరంలో తక్కువమంది గమనించారు. నిద్రమత్తు, బద్ధకం, జబ్బు, చలి, ఏకాంతం, వీటన్నిటికీ ఇంట్లో చోటు పెట్టింది. కలుపుకోవడం వేరే పని. దానికి ఎదుటి మనిషి నోరు తెరవాలి, ఇది నాకు కుదరదు అనగలగాలి, అన్నప్పుడు గోడ కదలాలి. ఇ-1027లో అలా అనగలిగిన మనిషి ఒక్కతే, ఆ ఇల్లు కట్టినావిడ. పైగా అదంతా మెట్లమయం. పైకి వెళ్ళేది ఇరుకైన చుట్టుమెట్లు. ఇంటికి చేరాలంటే సముద్రపు ఒడ్డున కాలిబాట. మేస్ తన వీల్‌చైర్లో ఆ గుమ్మం దాకా కూడా వెళ్ళలేడు.

గ్రే పేరు మళ్ళీ వెలుగులోకి వచ్చింది 1968లో, జోసెఫ్ రిక్‌వర్ట్ రాసిన ఒక వ్యాసంతో. అప్పటికామెకు తొంభై. ఆమె చేసిన ఒక కుర్చీ 2009లో పారిస్ వేలంలో 2 కోట్ల 19 లక్షల యూరోలకు అమ్ముడైంది. ఆమె 1976లో చనిపోయింది, 98 ఏళ్ళకు. 1907లో కొనుక్కున్న ఫ్లాట్‌లోనే చివరిదాకా ఉంది. చూపు తగ్గింది, అయినా పని మానలేదు. ఆ వయసులో ఆ ఫ్లాట్‌లో, ఆ మెట్లతో, ఆ వస్తువుల మధ్య ఆమె ఎలా నెగ్గుకొచ్చింది? ఎత్తు మారే బల్ల ఒక్కటే సరిపోయిందా?

లూయీజ్ దనీ 1927లో, ఆ సముద్రపు ఒడ్డు ఇల్లు ఇంకా లేస్తుండగా, గ్రే దగ్గర పనికి చేరింది. 1976లో గ్రే పోయేదాకా ఆమె దగ్గరే ఉంది. 49 ఏళ్ళు. గ్రే తర్వాత కొండమీద కట్టుకున్న ఇల్లు, డెబ్భై దాటాక బాగుచేసుకున్న మూడో ఇల్లు, పారిస్ ఫ్లాట్, అన్నిటి వంటిళ్ళూ ఆమెకు తెలుసు. ఏ సొరుగు బిగుసుకుంటుందో, ఏ తలుపు వానకు ఉబ్బుతుందో, ఆ మడిచే గాజు తలుపులు నిజంగా ఎన్నిసార్లు మడిచారో. ఇ-1027 గురించి అయిదారు భాషల్లో పుస్తకాలున్నాయి. గ్రే జీవితచరిత్రల్లో లూయీజ్ పేరు వస్తుంది, విధేయురాలు అనే విశేషణంతో.